ఆదివారం కొలవని వాన

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా అమ్మ తెరేసమ్మ గుణదల కొండెక్కి మరియమాతమ్మకి కూడా విన్నవించుకుంది. అన్నం మాడినా కోపమే, సిటీ బస్సు ఆలస్యమైనా కోపమే, ఎవరైనా ఎనిమిదిని మూడులాగా రాస్తే మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఆ మంటలో ఒకసారి నేను రెండు వాక్యాలు రాశాను. అవి ఏం చేశాయో చెబుతాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. వాల్తేరులో వాతావరణ శాస్త్రం ఎమ్మెస్సీ చదివి, గవర్నరుపేటలో ఒక ప్రింటింగ్ ప్రెస్సు మేడ మీద రెండు గదుల ఆఫీసులో పనిచేస్తున్నాను. పేరుకే ఆఫీసు. కింద మిషను తిరిగినప్పుడల్లా నా బల్ల మీద సిరాబుడ్డి వణికేది. దివిసీమ ఉప్పెన వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. ఆ ఉప్పెన తర్వాతే హాలెండు, జపాను, బంగ్లాదేశ్, శ్రీలంక, ఇండియా దేశాల నుంచి మేం అయిదుగురం, ముప్ఫయ్యేళ్ళు దాటనివాళ్ళం, ఉత్తరాల మీద ఒక జట్టు కట్టాం. నదులు సముద్రంలో కలిసేచోట ఒక్కరోజులో మహా అయితే ఎంత వాన పడుతుంది, అది రానురాను పెరుగుతోందా అన్నది మా ప్రశ్న. భూమి చల్లబడుతోందని అప్పట్లో సగంమంది పెద్దలు, కాదు వేడెక్కుతోందని సగంమంది. వాళ్ళ వాదన వాళ్ళకి వదిలేసి, మేము ఊళ్ళలో వానగేజీల పుస్తకాలు పోగేశాం.

వానగేజీ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. నేలలో పాతిన ఇనప డబ్బా, పైన గరాటు, లోపల సీసా. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి సీసా తీసి, కొలత గ్లాసులో పోసి చూసి, అంకె పుస్తకంలో వేసి, నీళ్ళు పారబొయ్యాలి. ఇంతే పని. ఈ కాస్త పని కూడా మనవాళ్ళు ఎంత సొగసుగా చేశారో పుస్తకాలు తెరిచాక తెలిసింది. ఒకాయన నెలంతా పది, పది, పది అని వేసుకుంటూ పోయాడు. ఒక ఊళ్ళో గేజీ మీద గుమ్మడి పాదు పాకించారు, అంకెలు మాత్రం క్రమం తప్పకుండా వస్తున్నాయి. ఇంకోచోట గరాటు పీకి కిరసనాయిలు పోసుకోవడానికి వాడుతున్నారు.

సరిగ్గా అప్పుడే మా అయిదుగురం నియమాలు రాసుకుంటున్నాం. ఏడో నియమం నా వంతుకొచ్చింది. ఇలా రాశాను: "ఏ కేంద్రంలోనైనా పరిశీలకుడు తెలిసి ఒక్క తప్పుడు అంకె వేసినట్టు తేలితే, ఆ కేంద్రం అంకెలన్నిటినీ కొట్టెయ్యాలి. జాలి పనికిరాదు." మిగతా నలుగురూ శభాష్ అన్నారు. తకెషి అని జపాను కుర్రాడు రెండో వాక్యం కింద గీత గీసి మరీ పంపాడు. నేను వారం రోజులు పొంగిపోయాను.

ఇన్ని తప్పుడు పుస్తకాల మధ్య ఒక్క పుస్తకం చూసి మాత్రం కడుపు నిండింది. అది ఈదులపాడు పుస్తకం. హనుమాన్ జంక్షన్‌లో దిగి, గుడివాడ వైపు బస్సెక్కి, తర్వాత రెండు మైళ్ళు కాలవగట్టు మీద నడిస్తే వచ్చే ఊరు. అక్కడి లూథరన్ బడి ఆవరణలో గేజీ. నలభై ఏడు నుంచి దాన్ని చూస్తున్నది సొలొమోను మాస్టారు. ఆ బళ్ళోనే పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, అక్కడి చర్చి సంఘానికి పెద్ద. ముప్ఫై ఒక్క సంవత్సరాల పుస్తకాలకి గుడ్డ అట్టలు వేసి, ట్రంకుపెట్టెలో వేపాకు పరిచి దాచాడు. ఆయన ఎనిమిదిని ఎనిమిదిలాగా రాసేవాడు.

మొదటిసారి వెళ్ళినప్పుడు నా పేరు, ఊరు అడిగి, గుణదల అనగానే నవ్వాడు.

"అయితే ఆర్.సి.ఎం. పిల్లవన్నమాట, కేథలిక్కువి. మీకేం తల్లీ, పొద్దున పూజ, మధ్యాహ్నం మ్యాట్నీ. ఆదివారం అయిపోయినట్టే."

"మ్యాట్నీ చూస్తే పాపమా మాస్టారూ?"

"పాపమని నేనన్నానా? మీ ఫాదరుగారిని అడుగు."

ఆయన భార్య సువార్తమ్మ లోపలినుంచి కేకేసింది. "ఆ పిల్లని వచ్చీరాంగానే ఏడిపించమాక. అన్నం తినమ్మాయ్, ఆయన మాటలకేం గాని." గోంగూర పచ్చడి, కొరమేను పులుసు పెట్టింది. నేను తిన్నంతసేపూ ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, పెళ్ళెప్పుడని అడిగింది. గేజీలకి పెళ్ళి చేశాక అన్నాను. పడీపడీ నవ్వింది.

ఆ పుస్తకాల్లోనే ఆ అంకె ఉంది. 1962, నవంబరు, ఒక సోమవారం: 412 మిల్లీమీటర్లు. ఒక్కరోజు వాన. డెల్టాలో మేం పోగేసినవాటిలో అదే పెద్దది. పక్క కేంద్రంలో మహా అయితే 190.

"ఆ రోజు నల్లకోడు పొర్లింది," అన్నాడు మాస్టారు. నల్లకోడు ఆ ఊరి పొలాల నీళ్ళు సముద్రానికి తీసుకెళ్ళే మురుగు కాలువ. దాని ఒడ్డునే కింద పేట. నలభై ఇళ్ళు, అన్నీ మట్టి గోడలే, అందులో మాస్టారి ఇల్లూ ఒకటి. "పేట పేటంతా కూలిపోయింది. ముగ్గురు పోయారు. మళ్ళీ అక్కడే కట్టుకున్నాం, ఇంకెక్కడ కట్టుకుంటాం?"

అప్పటికే నల్లకోడు తవ్వి వెడల్పు చెయ్యాలని మురుగు కాలువల ఆఫీసులో ప్లాను తయారవుతోంది. ఆ ఇంజనీరుగారి దగ్గరికి నేనే వెళ్ళాను. ఆయన మర్యాదగా కాఫీ తెప్పించాడు. "చూడండమ్మా, ఒక్కరోజు వాన రెండొందలనుకుంటే ఒక వెడల్పు, నాలుగొందలైతే దానికి రెండింతలు. ఎవరో బడిపంతులు రాసిన అంకె వేస్తే పైవాళ్ళు నవ్వుతారు. మీ అయిదు దేశాల లిస్టులో అచ్చయిందనుకోండి, అదే వేస్తాను. ఎవరూ నోరెత్తరు," అన్నాడు.

ఆ మాట మాస్టారికి చెప్పినప్పుడు ఆయన కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు. "ఈ ఒక్క అంకె నిలబడితే మా పేట నిలబడుద్దమ్మా," అన్నాడు. నిలబడుతుంది, నాదీ పూచీ అన్నాను. అంత ధీమాగా ఎందుకన్నానో ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

డెబ్భై ఎనిమిది డిసెంబరులో హాలెండు నుంచి మరైకె ఉత్తరం వచ్చింది. మరైకె మా జట్టులో లెక్కల మనిషి. మేము పంపిన అంకెలన్నీ కార్డుల మీద చిల్లులుగా పొడిపించి, వాళ్ళ యూనివర్సిటీ కంప్యూటరులో వేసేది. ఎప్పుడూ నాలుగు పేజీలు రాసేది, ఈసారి ఒకటే పేజీ. "ఎలిజబెత్, ఈదులపాడులో ఆదివారాలు వాన పడదా? అంకెలన్నీ ఆదివారం, సోమవారం అని దేనికది విడదీసి చూశాను. పదహారు వందల ఆదివారాలు. ఒక్కదానిలోనూ చుక్క లేదు. సోమవారాలు మాత్రం మిగతా రోజులకి రెండింతలు. మా తాత దేవుడి రోజని ఆదివారం సైకిలెక్కేవాడు కాదు, మా ఉయ్యాల కూడా కట్టేసేవాడు. మీ మాస్టారు మా తాతలాంటి మనిషేమోనని భయంగా ఉంది."

ముందు మరైకె మీద మండిపడ్డాను. తర్వాత పాత క్యాలెండర్లు తెచ్చి, పుస్తకం పక్కన పెట్టుకుని చూశాను. ఆదివారం సున్నా. ఆదివారం సున్నా. తుఫాను రోజుల్లో కూడా ఆదివారం సున్నా. పుట్టినప్పటినుంచీ ఆదివారం గుడికెళ్ళే దాన్ని, ఆయన సంఘపెద్దని తెలిసినదాన్ని, ఆరు నెలలుగా ఆ పుస్తకాలు తిరగేస్తున్నదాన్ని, నాకు కనపడలేదు. 412 పడిన రోజు సోమవారం. అది రెండు రోజుల వాన కలిపిన అంకె.

ఫిబ్రవరిలో మరైకె వచ్చింది. నాకంటే జానెడు పొడుగు, ఎండకి ముక్కు ఎర్రగా కందిపోయింది. హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారేలోపు రెండు గ్లాసుల టీ తాగి, మీ మాస్టారిని నువ్వు అడుగుతావా నేను అడగనా అంది. నేనే అడుగుతానన్నాను.

బడి అరుగు మీద కూర్చున్నాం. మాస్టారు తెల్ల చొక్కా వేసుకుని, పుస్తకాలన్నీ వరసగా పేర్చి ఉంచాడు, ఇన్‌స్పెక్షనుకి పేర్చినట్టు.

"మాస్టారూ, ఆదివారం మీరు గేజీ చూడరా?"

"ఎట్టా చూస్తానమ్మా? ప్రభువు దినం గదా!" అన్నాడు. ఆ గొంతులో బెరుకు లేదు. "ఆయన కురిపించిన నీళ్ళు ఎక్కడికి పోతయ్? సీసాలోనే ఉంటయ్. సోమవారం తీసి వేస్తా. ముప్ఫై ఏళ్ళల్లో ఒక్క చుక్క పోనీలా."

"మరి ఆదివారం గడిలో సున్నా ఎందుకేశారు?"

"మొదటి వారం ఖాళీగా వదిలా. గడి ఖాళీ పెట్టకూడదని పైనుంచి కాగితం వచ్చింది. అందుకని సున్నా చుట్టా. మొత్తం సరిపోద్ది గదా?"

నెల మొత్తానికి సరిపోతుంది. మాక్కావలసింది ఒక్క రోజు. ఆ మాట ఆయనకి ఎలా చెప్పాలో తెలియక మొరటుగానే చెప్పేశాను. 412 ఒక్కరోజుది కాదు, రెండు రోజులది, అది లిస్టులోకి రాదు అన్నాను. ఆయన నావైపు చూసి, మరైకె వైపు చూసి, పుస్తకాల మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

సువార్తమ్మ మజ్జిగ గ్లాసులు పట్టుకుని వచ్చి అక్కడే నిలబడిపోయింది.

"చెప్పవేందయ్యా! ఇప్పుడన్నా నోరు తెరువు."

"నువ్వూరుకో."

"పదహారేళ్ళు ఊరుకున్నా. ఇంక ఊరుకోను. ఆ ఆదివారం ఈయన కొలిచాడమ్మాయ్. నేనే గొడుగు పట్టా."

మాస్టారు తల దించుకుని చెప్పాడు. ఆ ఆదివారం పొద్దున గాలి చూస్తే భయమేసిందట. ఇంత వాన వస్తే సీసా చాలదు, పొర్లిపోతుంది, అంకె పోతుంది. సరిగ్గా ఎనిమిదిన్నరకి వెళ్ళి సీసా తీశాడు. అప్పటికి పద్నాలుగే. పారబోశాడు. ఇక అప్పటినుంచి ఆరాధనకి ముందొకసారి, తర్వాత రెండుసార్లు, దీపాలవేళకొకసారి తీసి కొలిచాడు. పలక మీద రాసుకున్నాడు. సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి, ఆ పద్నాలుగు కాక మిగతావన్నీ కలిపితే నాలుగు వందల పన్నెండు.

"అంటే అది అచ్చంగా ఒక్కరోజు వానే!" అని అరిచాను.

"ఒక్కరోజుదే."

"మరి ఆదివారం గడిలో పద్నాలుగు వెయ్యచ్చుగా? సున్నా ఎందుకేశారు?"

"ఎట్టా వేస్తానమ్మా? ఆ ఏడేగా, ఆదివారం కుప్ప నూర్చాడని అబ్రహామును సంఘంలో నిలబెట్టి క్షమాపణ చెప్పించా. పుస్తకంలో ఆదివారం అంకె కనపడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను? పలక తుడిచేశా."

నేను మరైకెకి ఇంగ్లీషులో చెప్పాను. ఆమె లేచి గేజీ దగ్గరికెళ్ళి, డబ్బా లోతు టేపుతో కొలిచింది. సీసా నిండి డబ్బా నిండినా రెండొందల యాభై మించి పట్టదు. మధ్యలో తీయకపోతే 412 రానే రాదు. అంటే తీసిన మాట నిజం. కానీ పొద్దున ఎనిమిదిన్నరకే తీశాడనడానికి? సువార్తమ్మ మాట. తుడిచేసిన పలక.

తిరుగు బస్సులో మరైకె కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది. "యాభై మూడులో మా ఊరి సముద్రపు కట్ట తెగింది. అదీ ఆదివారమే, తెల్లవారకముందు. మా అత్త పోయింది. ఆయన్ని నేను నమ్ముతున్నాను ఎలిజబెత్. కానీ పట్టికలో నమ్మకానికి గడి లేదు."

నేను ఊరుకోలేదు. నాలుగు దేశాలకీ ఆరేసి పేజీలు రాశాను. గేజీ కొలతలు, సువార్తమ్మ సాక్ష్యం, కూలిన నలభై ఇళ్ళ పేర్లు, చనిపోయిన ముగ్గురి పేర్లు. ఈ ఒక్క అంకెకి ఏడో నియమం సడలించమని బతిమాలాను. నియమం సడలించాలంటే అయిదుగురూ ఒప్పుకోవాలి. బంగ్లాదేశ్ నుంచి అన్వర్ రాశాడు: "నా దేశంలోనూ ఇలాంటి మంచివాళ్ళు ఇరవైమంది ఉన్నారు. వాళ్ళందర్నీ కొట్టేశాను. ఇప్పుడు వాళ్ళకేం చెప్పను?" శ్రీలంక కుర్రాడిదీ అదే మాట. తకెషి జవాబు ఒకటే వాక్యం. "జాలి పనికిరాదని రాసింది మీరే కదా." వెటకారం కాదది. పాపం నిజంగానే అడిగాడు. ఆ కాగితం ఉండచుట్టి గోడకేసి కొట్టాను, మళ్ళీ నేనే వెళ్ళి తీసి సాపు చేసి ఫైల్లో పెట్టాను.

తప్పు ఎవరిదని చెప్పను? వాళ్ళు చెప్పింది న్యాయమే. మాస్టారు పదహారు వందల సున్నాలు తెలిసే వేశాడు. వాటి మధ్య ఒక్కటి నిజమంటే ఎవరు నమ్మాలి? నేను ఇంకెవరి పుస్తకంలోనో ఇది చూసి ఉంటే చదవకుండానే కొట్టేసేదాన్ని. ఎర్ర సిరాతో ఈదులపాడు వరస మొత్తం నేనే కొట్టేశాను, ఆ పట్టిక నా దగ్గరే ఉంది కాబట్టి.

లిస్టు మే నెలలో అచ్చయింది. నేనొక కాపీ పట్టుకుని ఇంజనీరుగారి దగ్గరికి పరిగెత్తాను.

"ఈదులపాడు లేదు కదమ్మా ఇందులో?"

"లేదండీ. కానీ ఆ అంకె నిజం. నేను చెప్తున్నాను కదండీ!"

"మీరు చెప్తే ఎట్లాగండి?" అన్నాడాయన, నెమ్మదిగానే. "కొట్టేసింది మీరే కదా. నూట తొంభై వేస్తాను. ఇంతకంటే నేనేం చెయ్యగలను చెప్పండి."

ఏమీ చెయ్యలేడు. నేనూ ఏమీ చెయ్యలేను. బందరు రోడ్డు మీద రిక్షాలో కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను. రిక్షా అతను వెనక్కి తిరిగి తిరిగి చూశాడు.

మాస్టారికి చెప్పడానికి వెళితే, నేను నోరు విప్పకముందే ఆయనకి అర్థమైంది. "నీ తప్పేం లేదమ్మా. నేను ప్రభువుకోసం వేశాననుకున్నా ఆ సున్నాలు. నా పరువుకోసం వేశా," అన్నాడు. తర్వాతి ఆదివారం సంఘంలో లేచి నిలబడి అందరి ముందూ ఒప్పుకున్నాడట. అబ్రహామునే ముందు క్షమాపణ అడిగాడట. ఇక గేజీ ప్రతి ఆదివారం చూస్తానని చెప్పాడట. ఆయన ఇక చూసినా చూడకపోయినా ఒకటే. ఈదులపాడు కేంద్రం మూసేశామని మా ఆఫీసునుంచి కాగితం వెళ్ళింది, గేజీ తీసుకెళ్ళే తీరిక మాత్రం ఎవరికీ లేక అక్కడే ఉండిపోయింది.

అప్పటినుంచి ప్రతి బుధవారం నాకొక పోస్టుకార్డు వచ్చేది. "ఆదివారం ఉ. 8.30 — 0. నిజంగానే 0. — సొలొమోను." ఇంకోవారం: "ఆదివారం 6 మి.మీ. మీ సువార్తమ్మ అడిగానని చెప్పమంది." వాటిని ఎక్కడా ఎక్కించడానికి లేదు. సొరుగులో వేసేదాన్ని. నల్లకోడు తవ్వకం వర్షాకాలానికి ముందే మొదలై, సెప్టెంబరుకల్లా పూర్తయింది. కొత్త గట్లు వేశారు, నూట తొంభైకి సరిపడా.

అక్టోబరులో ఒక ఆదివారం గుణదలలో పూజ జరుగుతోంది. ఫాదరుగారి ప్రసంగం వినపడనంత వాన కప్పు మీద. పక్కన మా అమ్మ జపమాల తిప్పుతోంది. నేను మాత్రం గంటకెంత పడుతోందో మనసులో లెక్కేసుకుంటున్నాను. అరవై ఉంటుందా? యాభై? గుడిలోంచి లేచి బయటికొచ్చేశాను. ఈదులపాడులో ఫోను లేదు. బస్టాండుకి వెళితే హనుమాన్ జంక్షన్ అవతల రోడ్డు మీద నీళ్ళున్నాయి, బస్సులు వెళ్ళవన్నారు. కండక్టరు మీద అరిచాను. "నా మీద అరిస్తే నీళ్ళు తీస్తయ్యా అమ్మా?" అన్నాడు. సోమవారం వెళ్ళాను, అదే మాట. మంగళవారం అదే మాట. బుధవారం పోస్టుకార్డు రాలేదు.

గురువారం మధ్యాహ్నం మెట్ల మీద అడుగుల చప్పుడయింది. మాస్టారు. పంచె మోకాళ్ళదాకా బురద, కళ్ళజోడుకి ఒకవైపు అద్దం లేదు. జంక్షన్ దాకా నడిచి, అక్కడ లారీ ఎక్కి వచ్చానన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన నోటుబుక్కు పేజీ తీసి, బల్ల మీద పరిచాడు. గీతలు కొట్టి గడులు వేశాడు. ఎనిమిదులు ఎనిమిదుల్లాగే ఉన్నాయి.

ఆదివారం
ఉ. 8.30 — 31 మి.మీ. (నిన్న పొద్దుటినుంచి)
9.30 — 44. కోడు నిండింది.
10.30 — 52. కోడు పొర్లింది. కింద పేటలో మోకాలి లోతు. ఆరాధన లేదు.
11.30 — 49. ఇళ్ళ గోడలు నానినవి.
12.30 — కొలత లేదు.
1.30 — కొలత లేదు.
2.30 — 118. మూడు గంటలది. సువార్తమ్మను బడి అరుగు మీద పడుకోబెట్టాం.
3.30 — 38.
4.30 — గేజీ మునిగింది.

నేను రెండుసార్లు చదివాను. మూడోసారి కళ్ళు ఆనలేదు.

"మాస్టారూ, సువార్తమ్మగారు..."

"తూర్పు గోడ పడిందమ్మా. నేను గేజీ కాడ ఉన్నా. తను ఇంట్లో మన వాన పుస్తకాల ట్రంకు పైకెక్కిస్తా ఉంది." ఆయన గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం బల్ల అంచుని వదలడం లేదు. "అబ్రహామూ నేనూ మోసుకొచ్చాం. అరుగు మీద పడుకోబెట్టినాక, ఇంకేం చెయ్యాలో తెలీలా. గేజీ కాడికి పోయా."

కింద ప్రెస్సు మిషను మొదలైంది. సిరాబుడ్డి వణికింది. నాకు ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకోలేకపోయాను. ఏ మొహంతో పట్టుకోను?

ఆయన వంగి, వేలితో ఆ గడి చూపించాడు.

"మధ్యలో రెండు కొలతలు తప్పినయ్యమ్మా, ఏమనుకోమాక. ఈ నూట పద్దెనిమిది మూడు గంటలది. కలిపింది కలిపినట్టే రాశా, చూడు. ఈసారి దాచలా." కాగితం నావైపు జరిపాడు. "ఇది పనికొస్తుందా?"

మూసేసిన కేంద్రం. కొట్టేసిన పరిశీలకుడు. అచ్చయిపోయిన లిస్టు. తవ్వేసిన కోడు. సాక్షి ఒకే ఒక్కతె ఉండేది, ఆమె కూడా లేదు.

"వస్తుంది మాస్టారూ," అన్నాను. తెలిసి చెప్పాను. ఏడో నియమం ప్రకారం నన్నూ కొట్టెయ్యాలి.

ఆయన కదల్లేదు. ఎక్కించేదాకా చూసి వెళతానన్నాడు. పెద్ద పట్టిక తీసి ఈదులపాడు వరస తెరిచాను. ఆ వరస పొడుగునా నా ఎర్ర సిరా గీత. దాని మీదే పెన్సిలుతో ఒక్కొక్క అంకె వేసుకుంటూ వచ్చాను. ఆయన నా భుజం మీదుగా, పగలని అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాడు.

"నూట పద్దెనిమిది పక్కన మూడు గంటలదని రాశావా?"

"రాశాను మాస్టారూ."

"ఏదీ, చూడనీ," అన్నాడు.